ఎన్‌కోడర్ తగువు, ఆంటీ పళ్లెం

మా బాల్కనీలో ఒక మిల్లింగ్ మెషిన్ ఉంది. ఆ మాట అనగానే మనవాళ్లలో సగంమంది పిండిమర అనుకుంటారు. ఢిల్లీ మయూర్ విహార్‌లో మా పక్క బ్లాకులో ఉండే ఒకావిడ అయితే నానబెట్టిన బియ్యం డబ్బాతో సహా వచ్చేసింది, అరిసెలకు పిండి పట్టించుకుని పోదామని. లోపలికి తీసుకెళ్లి చూపించాను. ఇనుప దిమ్మ, దాని మీద అటూ ఇటూ జరిగే టేబుల్, పైనుంచి దిగే కటింగ్ టూలు, మూడు మోటార్లు, వాటిని నడిపే కంప్యూటర్, వైర్ల గుబురు. ఆవిడ కాసేపు అయోమయంగా చూసి, "ఇది దేన్ని రుబ్బుద్దమ్మా?" అని అడిగింది. "మా ఆయన బుర్రని" అన్నాను.

మా ఆయన నోయిడాలో ఒక కంపెనీలో డ్రాయింగులు వేస్తారు. పొద్దున్నే మెట్రో ఎక్కి వెళ్లి, సాయంత్రం దాకా కంప్యూటర్‌లో ఇనుప సామాను గీస్తారు. గీసినవాటిలో ఒక్కదాన్ని కూడా చేత్తో పట్టుకునే భాగ్యం లేదు, అవి ఎక్కడో తయారై ఎక్కడికో పోతాయి. ఆ బాధ ఎన్నాళ్లు మోశారో తెలీదు గానీ, ఒక ఆదివారం టెంపోలో ఈ పాత మెషిన్ దిగింది. నా బట్టల తీగ పోయింది, కరివేపాకు కుండీ వంటింటి కిటికీలోకి మారింది. నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన ఆ సంగతి గమనించలేదు, చేతులకు గ్రీజు పూసుకుని పసిపిల్లాడిలా మురిసిపోతున్నారు. ఇంకేం మాట్లాడతాం?

నేను నర్సుని. బాపట్ల దగ్గర పుట్టి, చదువైపోగానే ఢిల్లీ వచ్చి, ఐసీయూలో పనిచేస్తూ ఇక్కడే స్థిరపడిపోయాను. మా పని సంగతి మీకు తెలిసే ఉంటుంది, నిలబడే ఉండాలి, నోరు గట్టిగా ఉండాలి. నా నోరు మరీ గట్టిదని మా ఆయన అంటారు. కావచ్చు. నోరు లేని సిస్టర్‌ని డాక్టర్లే తినేస్తారు.

ఈ మెషిన్ కథలో అసలు మనిషి మా ఆంటీ. రక్తసంబంధం ఏమీ లేదు. ఢిల్లీకి వచ్చే తెలుగు నర్సు పిల్లలందరికీ ఆవిడే ఆంటీ. నేను స్టేషన్‌లో దిగినప్పుడు ట్రంకుపెట్టె అందుకున్నది ఆవిడే. "అచ్ఛా, ఠీక్ హై, ఈ రెండు మాటలు చాలమ్మాయ్, మిగతాది మొహంతో నెట్టుకురావచ్చు" అని హిందీ నేర్పింది కూడా ఆవిడే. పెళ్లి చేసుకోలేదు. పిల్లల వార్డులో పనిచేసేది. ఎంత చిన్న పసిగుడ్డుకైనా నరం దొరకబుచ్చుకుని సూది పెట్టగలిగిన చేతులు ఆవిడవి. ఎక్కడా దొరక్కపోతే వేరే వార్డుల నుంచి కూడా ఆవిణ్ణే పిలిచేవాళ్లు.

రిటైరయ్యాక ఆ చేతులకు వణుకు మొదలైంది. పెద్ద జబ్బేమీ కాదు, వయసుతో కొందరికి వచ్చే వణుకే అన్నారు డాక్టర్లు. ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు బాగానే ఉంటాయి. ఏదన్నా పట్టుకోబోతే వణుకుతాయి. ఎవరన్నా చూస్తున్నారంటే ఇంకా వణుకుతాయి. మాత్రలు వేసుకుంటే మగత. "నిద్రపోతూ బతికేదానికి ఈ బతుకెందుకు?" అని మానేసింది.

మాది చిన్న క్రైస్తవ సంఘం. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం ఆరాధన జరుపుకుంటాం. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. నెలలో మొదటి ఆదివారం బల్ల ఆరాధన, అంటే ప్రభువు చివరి భోజనాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఆరోజు ఆడవాళ్లమంతా తెల్లచీరలు కట్టుకుని వస్తాం. రొట్టె తీసుకున్నాక, చిన్న చిన్న గాజుగ్లాసుల్లో ద్రాక్షరసం పోసి పళ్లెంలో పెట్టుకుని వరసల వెంట తిప్పుతారు. ఆడవాళ్ల వైపు పళ్లెం ఆంటీదే. ఈ సంఘం ఎవరి డ్రాయింగ్ రూములోనో నలుగురు నర్సులతో మొదలైన నాటి నుంచీ ఆవిడదే. రసం కాచేదీ ఆవిడే, గ్లాసులు కడిగేదీ ఆవిడే.

మార్చి నెల బల్ల ఆరాధనలో పళ్లెం ఒరిగింది. రెండు గ్లాసులు పక్కకి పడి, కొత్తగా డ్యూటీలో చేరిన ఒక పిల్ల తెల్లచీర మీద రసం ఒలికింది. ఆ పిల్ల పాపం, "పర్లేదాంటీ, పర్లేదాంటీ" అంటూనే ఉంది. ఆంటీ ఏమీ అనకుండా వరస పూర్తిచేసింది. ఆరాధన అయ్యాక గ్లాసులు కడిగిపెట్టి, నేరుగా ఇంటికి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే పాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. మెత్తని మనిషి, టీ చల్లారిపోయేదాకా విషయానికి రాలేదు.

"సంఘపెద్దలు మాట్లాడుకున్నారు సిస్టర్. ఈస్టర్ నుంచి పళ్లెం వేరే ఎవరికన్నా ఇద్దామని. ఆంటీ చాలాకాలం సేవ చేశారు, ఇంక కాస్త విశ్రాంతి..."

"ఆవిడ విశ్రాంతి అడిగిందా?"

"లేదు. అందుకే మీరు చెప్తే బాగుంటుందని."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను చెప్పాలా? ఆ చేతుల్తో నాకు సూది పట్టుకోవడం నేర్పిన మనిషికి, నీ చేతులు ఇంక పనికిరావు ఆంటీ అని నేను చెప్పాలా? మీ పెద్దలకి ధైర్యముంటే వాళ్లనే వచ్చి చెప్పమనండి."

పాస్టరు గారు తల దించుకున్నారు. మా ఆయన గొంతు సవరించుకుని, "ఆ పళ్లెం ఒకసారి నేను చూడొచ్చా అండీ?" అని అడిగారు. ఇక్కడ నా గుండె మండిపోతుంటే ఈయనకి పళ్లెం కావాలి! అలా అనుకున్నాను గానీ, మర్నాడు ఆ పళ్లెం చూశాక నోరు మూసుకున్నాను. అల్యూమినియం పళ్లెం, పైమూతకి గుండ్రటి రంధ్రాలు. అది కొన్నప్పటి గ్లాసులు ఎప్పుడో పగిలిపోయాయి. తరవాత సదర్ బజార్లో తెచ్చిన గ్లాసులు సన్నవి. ఆ రంధ్రాల్లో అవి వదులుగా ఊగుతూ ఉంటాయి. మంచి చేతుల్లోనే గలగలమంటాయి, వణికే చేతుల్లో ఇంక చెప్పాలా?

"చేతుల్ని మనం ఏం చెయ్యలేం. గ్లాసుల్ని కదలకుండా చెయ్యొచ్చు" అన్నారాయన.

పాస్టరు గారికి ఫోన్ చేసి ఈస్టర్ దాకా గడువు అడిగాను. ఈస్టర్ బల్లకి ఆంటీయే పళ్లెం పట్టుకుంటుంది, ఆరోజు మళ్లీ ఒలికితే అప్పుడు నేనే చెప్తాను అన్నాను. ఆయన సరేనన్నారు. ఫోన్ పెట్టేశాక గానీ ఏం చేశానో నాకు తెలిసిరాలేదు. మా ఆయన ఆ మెషిన్ మీద అప్పటిదాకా చేసినవి ఒక ఫోన్ స్టాండు, వంకరగా ఒక తలుపు గొళ్లెం. నా ఆంటీని తీసుకెళ్లి ఆ గొళ్లెం చేసిన మనిషి చేతిలో పెట్టాను.

ఆయన ఆలోచన బాగానే ఉంది. కూరగాయలు కోసుకునే తెల్ల ప్లాస్టిక్ పలక ఉంటుంది కదా, అలాంటి మందపాటి పలకలు రెండు తెచ్చారు. పైపలకలో గ్లాసు సరిగ్గా పట్టే రంధ్రం, కింది పలకలో గ్లాసు అడుగు కూర్చునే గుంట. రెండూ ఒకదాని కింద ఒకటి సరిగ్గా రావాలి. ఆ గ్లాసు కొలతకి సరిపోయే డ్రిల్లు బజార్లో దొరకదు, కాబట్టి సన్నటి టూలుతో గుండ్రంగా తిప్పుతూ కొయ్యాలి. టేబుల్ జరుగుతూ పలకను తిప్పుతుంది, టూలు కోస్తుంది.

మొదటి రంధ్రం కోసి, గ్లాసు పెట్టి చూశారు. గ్లాసు ఊగింది. ఇంకోటి కోశారు. అదీ ఊగింది. నేను వేలు పెట్టి తడిమాను. రంధ్రం గుండ్రంగా లేదు. నాలుగు చోట్ల చిన్న మెట్టులాగా వేలికి తగిలింది.

"ఇది గుండ్రం కాదండీ."

"గుండ్రమే. చూడు, స్క్రీన్ మీద ఎంత బాగా గీసిందో!"

"నేను స్క్రీన్ మీద గ్లాసు పెట్టను గదా!"

అక్కడ మొదలైంది మా ఇంట్లో ఎన్‌కోడర్ తగువు. అప్పటిదాకా ఆ మాట నేను వినలేదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎన్‌కోడర్ అంటే మెషిన్‌కి కన్ను. మోటారు ఎంత తిరిగిందో చూసి కంప్యూటర్‌కి చెప్తూ ఉంటుంది, తక్కువైతే ఇంకాస్త తిప్పు, ఎక్కువైతే వెనక్కి రా అని కంప్యూటర్ మోటారుని సరిచేస్తుంది. ఆ కన్నుని మా ఆయన మోటారు తోకకి పెట్టారు. ఈ రకం మోటార్లు అమ్మేవాళ్లే అక్కడ పెట్టి అమ్ముతారట, కాబట్టి అదే దాని చోటట.

"మోటారు తిరిగితే బెల్టు తిరుగుద్ది. బెల్టు తిరిగితే స్క్రూ తిరుగుద్ది. స్క్రూ మీద నట్టు, నట్టుకి టేబుల్. ఇంకెక్కడికి పోద్ది?" అని ఆయన వాదన.

నేను వంగి టేబుల్‌ని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ ఊపాను. మోటారు కదల్లేదు. టేబుల్ మాత్రం వెంట్రుకవాసి కదిలింది. మా ఊళ్లో పాత బోరింగు పంపు ఉండేది, దాని చెయ్యి కిందికి నొక్కి పైకి లేపబోతే మొదట కొంతదూరం ఊరికే వస్తుంది, తరవాత గానీ పట్టదు. ఇదీ అంతే. నట్టులో ప్లే ఉంది, అంటే కాస్త వదులు. టేబుల్ ఒకవైపు పోయి వెనక్కి తిరగాల్సినప్పుడల్లా, ఆ ప్లే అయిపోయేదాకా మోటారు తిరుగుతుందే గానీ టేబుల్ కదలదు. గుండ్రంగా కొయ్యాలంటే నాలుగు చోట్ల దిశ మార్చుకోవాలి. ఆ నాలుగు చోట్లా మెట్లు.

"ఏమండీ, మా వార్డులో మందెక్కించే పంపు ఉంటుంది. దాని మోటారు ఎంత తిరిగిందో చూసుకుని, ఇంత మందు పోయింది అని స్క్రీన్ మీద చూపిస్తుంది. పేషెంటు నరంలోంచి సూది జారి, మందంతా చర్మం కింద చేరి చెయ్యి బూరెలా ఉబ్బినా సరే, అది మాత్రం అంతా బాగానే ఉందంటుంది. అందుకే మేం పంపు చూసి వదిలెయ్యం, దుప్పటి తీసి చెయ్యి చూస్తాం. మీరు కూడా చెయ్యి చూడండి. కన్నుని తీసుకెళ్లి టేబుల్‌కి పెట్టండి."

ఆయన వంగి టేబుల్‌ని తనూ ఒకసారి ఊపి చూశారు. తరవాత బేరానికి దిగారు. "పోనీ స్క్రూ చివర పెడతా. బెల్టు తేడా పోద్ది."

"నట్టు స్క్రూ తరవాత కదా ఉంది? ప్లే నట్టులో ఉంటే స్క్రూని చూసి ఏం లాభం?"

"టేబుల్‌కి పెట్టాలంటే అది ఎంత జరిగిందో కొలిచే స్కేల్ వేరే కొనాలే సిస్టరమ్మా. పొడుగ్గా ఉంటది, దాని పక్కన ఆ గీతలు చదివే తలకాయ, దానికి బ్రాకెట్టు..."

"కొనండి. నా పుట్టినరోజుకి చీరొద్దు. స్కేల్ కొనండి."

ఆ మాటకి ఆయన నవ్వేశారు. స్కేల్ వచ్చింది. మొదట టేబుల్ ముందువైపు బిగించారు, చూడ్డానికి బాగుంటుందని. కోసిన ప్లాస్టిక్ తునకలన్నీ వచ్చి దాని మీదే పడ్డాయి, చదివే తలకాయ వాటికి అడ్డంపడి పిచ్చి లెక్కలు చెప్పింది. పైగా ఆ తలకాయకి పెట్టిన బ్రాకెట్టు పల్చటి రేకు, టూలు తిరుగుతుంటే అదీ వణికింది. మళ్లీ ఊడదీశారు. ఈసారి వెనకవైపు, స్క్రూకి వీలైనంత దగ్గరగా, పైన రేకు కప్పు వేసి, లావుపాటి బ్రాకెట్టుతో బిగించారు. స్క్రూకి దూరంగా పెడితే టేబుల్ ఏమాత్రం మెలితిరిగినా స్కేల్ అబద్ధం చెప్తుందట. ఆఫీసులో లంచ్ టైములో కూడా ఇదే ఆలోచన. టిఫిన్ డబ్బాలో కూర వదిలేసి తెచ్చేవారు.

మోటారు దగ్గరి కన్నుని ఆపేసి, టేబుల్ దగ్గరి కన్నుతోనే నడిపారు. నేను చెప్పినట్టే. నేను పక్కనే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను, గెలిచానని.

మెషిన్ ఆన్ చెయ్యగానే టేబుల్ జుంయ్‌మని వణకడం మొదలెట్టింది. ఎక్కడికీ పోవడం లేదు, ఉన్నచోటే వణుకుతోంది. ఆ మోత గోడల్లోంచి కిందికి పాకింది. కింది ఇంటి పంజాబీ ఆవిడ పైకొచ్చి బెల్లు కొట్టింది. "దీదీ, యే కైసీ ఆవాజ్ హై? మా ఇంట్లో స్టీలు గిన్నెలన్నీ నాట్యం చేస్తున్నాయి!" ఆవిడకి హిందీలో నచ్చజెప్పి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

లోపలికొచ్చి చూస్తే మా ఆయన ఆపేసిన మెషిన్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను ఎగతాళి చేస్తారనుకున్నాను. చెయ్యలేదు.

"టేబుల్ కాస్త తక్కువలో ఉందని కన్ను చెప్తుంది. మోటారు తిరుగుతుంది. ప్లే ఉంది కాబట్టి టేబుల్ కదలదు. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అని కన్ను అరుస్తుంది. మోటారు ఇంకా గట్టిగా తిరుగుతుంది. పట్టేసరికి టేబుల్ దాటిపోద్ది. మళ్లీ వెనక్కి. మళ్లీ అదే కథ" అన్నారు.

ఈ వణుకు నాకు తెలిసిందే. ఆంటీ టీకప్పు అందుకోబోయేటప్పుడు నేను ఎన్నిసార్లు చూడలేదు? కప్పు దగ్గరికి చెయ్యి వెళ్తుంది, వణుకుతుంది, ఆపాలని ఆవిడ బిగపడుతుంది, బిగపట్టేకొద్దీ ఎక్కువవుతుంది. "కంగారుపడకాంటీ, మెల్లగా" అనేదాన్ని. ఇన్నేళ్ల నర్సుని, ఆ మాట ఆవిణ్ణి ఇంకా కంగారుపెడుతుందని నాకు తట్టనేలేదు. ఆ సాయంత్రం వంట చేస్తూ ఏడ్చాను. ఉల్లిపాయలని చెప్పాను.

మట్టల ఆదివారం అయిపోయింది. ఇంక ఈస్టరుకి వారమే. నాకు భయం పట్టుకుంది. పాత అల్యూమినియం పళ్లెం రంధ్రాలకి గుడ్డపేలికలు చుడదామా అని కూడా ఆలోచించాను. మా ఆయన మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టేశారు. ముందు నట్టు విప్పి, బిగించి, ప్లే తగ్గించారు. పూర్తిగా పోగొడితే స్క్రూ పట్టేస్తుందట, కాబట్టి ఎంతో కొంత ఉంటుంది. తరవాత రెండు కళ్లూ పెట్టారు. మోటారు తోకకి ఒకటి, టేబుల్ వెనక ఒకటి.

"మోటారుని క్షణక్షణం అదుపులో పెట్టేది మోటారు దగ్గరున్న కన్ను. టేబుల్ కన్ను తొందరపెట్టదు. నిదానంగా, ఇంకాస్త ఇటు అని చెప్తూ ఉంటది, అంతే" అన్నారు.

"అచ్ఛా! వార్డులో సిస్టర్, రౌండ్‌కి వచ్చే డాక్టర్" అన్నాను. "నిమిషనిమిషం చూసుకునేది సిస్టర్. డాక్టర్ వచ్చి చెయ్యి చూసి, డోసు కాస్త మార్చి పోతాడు. డాక్టరే రోజంతా మంచం పక్కన నిలబడి ఆర్డర్లేస్తే పేషెంటు చస్తాడు."

"నీకు ఇంత తెలిస్తే మొదట్లోనే చెప్పొచ్చు గదా?"

"మొదట్లో మీరు తోక పట్టుకుని వేలాడుతున్నారు!"

స్విచ్ వేశారు. టేబుల్ వణకలేదు. కింది ఇంటి గిన్నెలూ నాట్యం చెయ్యలేదు. మెల్లగా గుండ్రం తిరిగింది. రంధ్రంలో వేలు పెట్టి తిప్పాను, ఎక్కడా ఏమీ తగల్లేదు. గ్లాసు పెట్టాను. మెత్తగా దిగి కూర్చుంది. పైకి లాగితే ఒక్క వేలికే వచ్చేసింది. నాకు అప్పుడు ఎంత సంతోషమేసిందంటే, ఆ గ్రీజు చేతుల మనిషిని అలాగే వాటేసుకున్నాను. ఆ నైటీ మరక ఇప్పటికీ పోలేదు.

పళ్లెం అయ్యాక గ్లాసుల్లో సగానికి నీళ్లు పోసి, నేను హాల్లో నడిచాను. కావాలని చేతులు వణికించాను, ఒరిగించాను. నీళ్లు గ్లాసుల్లోనే ఊగాయి గానీ గ్లాసులు ఊగలేదు. మా ఆయన సోఫాలో కూర్చుని, "ఇంకా వణికించు, ఇంకా" అంటుంటే, ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం.

శనివారం మధ్యాహ్నం పళ్లెం తీసుకుని ఆంటీ ఇంటికి వెళ్లాను. రసం కాచి చల్లారబెడుతోంది, ఇల్లంతా ద్రాక్షపళ్ల వాసన. పాత పళ్లెం సొట్టలు పడిపోయింది కాబట్టి మా ఆయన కొత్తది చేశారని చెప్పాను. ఆంటీ ఒక గ్లాసు తీసుకుంది. చెయ్యి వణికింది, గ్లాసు రంధ్రం అంచుకి తగిలి టక్కుమంది, దిగింది. ఇంకోటి పెట్టింది. పళ్లెం పట్టుకుని లేపింది. అటూ ఇటూ ఒరిగించి చూసింది.

"ఎవరి కోసం చేయించావమ్మాయ్ ఇది?"

"సంఘం కోసం ఆంటీ."

"నా దగ్గర నాటకాలాడబాక. నన్ను తీసేస్తన్నారంట గదా, నాకు తెలీదనుకున్నావా?"

ఎవరు చెప్పారో అడగలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం వచ్చేశాయి. ఆవిడ పళ్లెం కింద పెట్టి, వణికే చెయ్యి నా తల మీద వేసింది.

"ఏడవబాక. పెద్దాళ్లు అన్నదాంట్లో తప్పేముంది? ఆ పిల్ల కొత్తచీర పాడైంది. నాకు మాత్రం సిగ్గు లేదా?" అంది. నా కళ్లు తుడిచి, "నాకు ఈ పనంటే ఇష్టమే అమ్మాయ్. చానా ఇష్టం. మిమ్మల్నందర్నీ ఒక్కొక్కళ్ల ముందూ నిలబడి చూసుకునేది ఆ ఒక్కరోజే" అంది. "రేపు పట్టుకుంటా. ఒక్క చుక్క పడిందంటే మాత్రం ఎవరూ చెప్పక్కర్లా, నేనే ఇచ్చేస్తా."

ఈస్టర్ పొద్దున స్కూలు హాలు నిండిపోయింది. ఆడవాళ్ల వైపంతా తెల్లచీరలు, మల్లెపూలు. నేను మూడో వరసలో కూర్చున్నాను. మగవాళ్ల వైపు మా ఆయన మెడ సాచి ఇటే చూస్తున్నారు. ప్రార్థనలో ఉండాల్సిన మనిషి! నేనూ చూస్తూనే ఉన్నాననుకోండి.

ఆంటీ పళ్లెం అందుకుంది. చేతులు వణికాయి, పళ్లెం కూడా కాస్త వణికింది. గ్లాసులు మాత్రం చప్పుడు చెయ్యలేదు. మొదటి వరసలో మొదటి మనిషి ముందుకి వెళ్లి నిలబడింది.

ఆ అమ్మాయి కదల్లేదు.

ఎందుకు తీసుకోవడం లేదు? ఆ పక్కనున్నదీ కదల్లేదు. వరసంతా తలలు దించుకుని కూర్చుంది. అప్పుడు నాకు వెలిగింది. మేమంతా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ ఉంటాం, ఆ గ్లాసుల గలగల దగ్గరికి వచ్చినప్పుడు కళ్లు తెరిచి చెయ్యి చాపుతాం. ఇన్నేళ్లూ అంతే. ఇవాళ గలగల లేదు. ఆంటీ వచ్చినట్టు ఎవరికీ తెలీలేదు. వణికే చేతుల్లో నిండు పళ్లెంతో ఆవిడ అలా నిలబడే ఉంది. ఎంతసేపు పట్టుకోగలదు? నేను సగం లేచాను.

ఆంటీ వంగింది. "అమ్మాయ్, నేనే. తీసుకో తల్లీ" అంది.

ఆ అమ్మాయి ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. నెల కిందట చీర పాడైన పిల్లే. ఆంటీ మొహంలోకి చూసి, గ్లాసు తీసుకుంది. ఆంటీ పక్కకి జరిగింది. "తీసుకో తల్లీ." ఇంకో అడుగు. "నువ్వూ తీసుకో అమ్మా, నైట్ డ్యూటీ చేసొచ్చావా?" ఎప్పుడూ పళ్లెంతో మౌనంగా వచ్చే మనిషి, ఆరోజు ఒక్కొక్కరినీ పలకరిస్తూ వచ్చింది. వెనక వరసల్లో ముక్కులు చీదుకోవడం వినిపించింది. నా దగ్గరికి వచ్చేసరికి నాకు ఏమీ కనిపించడం లేదు, తడుముకుని గ్లాసు తీసుకున్నాను.

"మీ ఆయన నా నోటికి పని పెట్టాడు గదే" అంది గుసగుసగా, నవ్వుతూ.

తెల్లచీరల మీద ఒక్క చుక్క పడలేదు. చివరి వరస అయ్యాక ఆంటీ పళ్లెం తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, మీద తెల్లగుడ్డ కప్పింది. ఆరాధన ముగిశాక అందరం వందనాలు చెప్పుకుంటుంటే, నేను పాస్టరు గారి మొహం వైపు చూశాను. ఆయన ఆంటీ వైపు నడుస్తున్నారు, ఏదో చెప్పాలని. ఏం చెప్తారో తెలీక నేనూ వెనకాలే వెళ్లాను.

ఆంటీ ఆయన్ని నోరు తెరవనివ్వలేదు. "పాస్టరు గారూ, ఈసారి ద్రాక్షపళ్లు పుల్లగా ఉండాయి. వచ్చే నెలకి కాస్త తియ్యటివి చూసి, ముందే పంపించండి. నాకు కాచుకునేదానికి టైం కావాలి" అంది.

పాస్టరు గారు ఒక్క క్షణం ఆవిడ చేతుల వైపు చూశారు.

"అట్టాగే ఆంటీ, శుక్రవారానికే పంపిస్తాను" అన్నారు.